రాత్రి కొట్టు బాకీ

మా అవ్వ, అంటే నాన్నగారి తల్లి, బతికున్నంత కాలం బజారులో వండిన మెతుకు నోట పెట్టలేదు. కంటి ఆపరేషనుకని మదురై తీసుకెళ్ళినప్పుడు కూడా పులిహోర మూట ఒడిలో పెట్టుకునే బస్సెక్కింది. "అక్కడ హోటళ్ళు లేవా అవ్వా?" అంటే, "అన్నం పెట్టేదిరా, అమ్మేది కాదు" అంది. నాకప్పుడు పదిహేనేళ్ళు. మదురైలో బస్సు దిగగానే ముక్కుకు తగిలిన పరోటా వాసన ముందు ఆ మాట ఎంతోసేపు నిలవలేదు. అవ్వను ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టి, నాన్నగారి దగ్గర రెండు రూపాయలు పుచ్చుకుని పరుగెత్తాను.

ఆ మాట అవ్వ సొంతం కాదని పెద్దయ్యాక తెలిసింది. భారతంలో అరణ్యపర్వంలో మార్కండేయుడు యుగాంత లక్షణాలు చెబుతూ, దేశాలు అన్నం అమ్ముకుంటాయని కూడా చెబుతాడు. హరికథల్లో విన్న ఆ ముక్కే అవ్వ నోటికి వచ్చి ఉంటుంది. పైగా మా ఊరికి పన్నెండు కిలోమీటర్లలోపే శ్రీవిల్లిపుత్తూరు. విష్ణుచిత్తుడు, గోదాదేవి నడిచిన నేల. ఎక్కడో హంపిలో ఉన్న కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాస్తూ మన పక్క ఊరిని ఎంచుకున్నాడని ఈ పత్రిక పాఠకులం అందరం గర్వపడేవాళ్ళమే. అందులో విష్ణుచిత్తుడు వానాకాలంలో తడిసిన కట్టెలు మండక, కొబ్బరి చిప్పలతో పొయ్యి రాజేసి వచ్చినవాళ్ళకు వేడన్నం, పప్పు, వేపుళ్ళు, వడియాలు వడ్డించిన ఘట్టం ఉంది. ఎండాకాలానికి వేరే వంట. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆ ఇంట అన్నం ఉంటుంది, ధర ఉండదు.

అయితే మన తెలుగువాళ్ళకు తెలిసింది ఆ ఇల్లొక్కటే కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగే ఇద్దరు మిత్రులకు ఒక పూటకూళ్ళ ఇల్లు ఎదురవుతుంది. ఒక్క రూక ఇస్తే కమ్మని బియ్యపన్నం, పిండివంటలు, నెయ్యి, పెరుగు. రాసినవాడు సిగ్గుపడలేదు, తిన్నవాళ్ళూ సిగ్గుపడలేదు. కాబట్టి అన్నం పెట్టిన ఇల్లూ మనదే, అమ్మిన ఇల్లూ మనదే. అవ్వ మొదటిది చూపించి రెండోదాన్ని దాచింది. నేను రెండోదాని దగ్గర పెరిగాను.

మేముండే ఈ తమిళ దేశానికి రాత్రి అంగడి ఇంకా పాతది. సంగకాలపు మదురైక్కాంచిలో మదురై నగరపు పగటి అంగడికి నాళంగాడి అనీ, సాయంత్రం మొదలై రాత్రి సాగే అంగడికి అల్లంగాడి అనీ వేరువేరు పేర్లున్నాయి. మా అబ్బాయి కాలేజీలో తమిళం చదివేటప్పుడు ఆ పద్యం అర్థం నాకు చెప్పాడు (వాడికి తెలుగు లిపి రాదు, ఈ వ్యాసం నేనే చదివి వినిపించాలి). జాము రాత్రి వేళ అంగడిలో ఏమేం జరుగుతున్నాయో చెబుతూ ఆ కవి ఒక దృశ్యం చూపిస్తాడు: తీపి అప్పాలు చేసి అమ్మేవాళ్ళు సరుకు ముందు పెట్టుకుని, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారు. రాజు గెలిచిన యుద్ధాలన్నీ వర్ణించిన కవికి ఆ కునుకు కూడా కంటపడింది. నాకు ఇరవై నెలలపాటు రోజూ ఎదురుగా ఉన్నా కనపడలేదు.

ఆ ఇరవై నెలల సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

1991లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను. 1997లో ఆఫీసరు పరీక్ష పాసై, సొంత ఊరు రాజపాళయంలోనే ఒక శాఖకు వచ్చాను. అప్పటికి మా శాఖలో కంప్యూటర్లు లేవు. లెడ్జర్లు, డే బుక్కు, చేత్తో కూడికలు. నెలాఖరు బ్యాలెన్సింగులో ముప్పై పైసలు తేడా వస్తే అందరం రాత్రి తొమ్మిదింటిదాకా ఆ ముప్పై పైసల కోసం వెతికేవాళ్ళం. జేబులోంచి తీసి ఇచ్చేస్తే పోయేదే, కాని లెక్క అలా కుదరదు. మా ఆవిడ అప్పుడు కాన్పుకు పుట్టింట్లో ఉంది, ఆ తర్వాత కూడా పసిబిడ్డతో అక్కడే ఎక్కువ. కాబట్టి రాత్రి భోజనం నాకు బజారులోనే.

రాజపాళయం మిల్లుల ఊరు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా నూలు మిల్లు పెట్టినప్పటినుంచి ఈ ఊరికి రాత్రి నిద్ర సరిగా లేదు. మూడు షిఫ్టులు. ఒక షిఫ్టు దిగేవేళకు, ఇంకొకటి ఎక్కేవేళకు వీధిలో ఆకలి ఉంటుంది. పాత బస్టాండు చుట్టుపక్కల చీకటి పడగానే బళ్ళు దిగేవి. కొత్తు పరోటా పెనం మీద రెండు రేకుల దరువు సినిమా పాటకన్నా దూరం వినిపించేది. ఇంకో పక్క సుక్కు కాఫీ సైకిలు, ఉడకబెట్టిన వేరుశెనగలు, ఆమ్లెట్లు, పత్తిగింజలు రుబ్బి పిండిన పాలలో బెల్లం, శొంఠి వేసి కాచే పరుత్తిపాలు. పత్తి వడికే ఊరు పత్తిపాలే తాగుతుందని బయటివాళ్ళు హాస్యమాడేవారు. విరుదునగర్ నూనె పరోటా గొప్పదని పేరు. నిజమే, కాని దాని కోసం విరుదునగర్ పోవాలి. మా అక్క ఇడ్లీ కోసం వీధి దాటితే చాలు.

అక్క అంటే సొంత అక్క కాదు. పెట్రోమాక్సు దీపం, మూడు రాళ్ళ పొయ్యి, రెండు బెంచీలు, అంతే ఆమె కొట్టు. కరిసల్ నేల పల్లె నుంచి వచ్చిన మనిషి. మాట్లాడేది తెలుగే, కాని మా వీధి తెలుగు కాదు, ఆ నల్లరేగడి పల్లెల తెలుగు. నేను మొదటి రోజు తమిళంలో నాలుగు ఇడ్లీలడిగి, చేయి కాలి "అబ్బా" అనేసరికి, "మనోళ్ళేనా తమ్ముడూ?" అంది. అప్పటినుంచీ నేను తమ్ముణ్ణే. ఇడ్లీ ముప్పావలా. అరటాకు ముక్కలో గుడ్డమీదినుంచి తీసిన ఇడ్లీ, రెండు చట్నీలు, పలచటి సాంబారు. ఆ సాంబారులో ఏం వేసేదో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ కుదరలేదు.

బ్యాంకు ఆఫీసరుకు కూడా నెల చివర జేబు ఖాళీ అవుతుంది. ఒక రాత్రి చిల్లర లేదంటే, "నెల ఖాతా పెట్టుకోండి, జీతం రోజున ఇద్దురు" అంది. అలా మొదలైంది. నా ఖాతా ఆమె వెనక ఉన్న గోడమీద బొగ్గు గీతలు. ఎవరి గీతలు ఎవరివో ఆమెకే తెలుసు. నెలకు తొంభై, నూరు అయ్యేది. మిల్లు కుర్రాళ్ళకు, లోడింగువాళ్ళకు, ఒక స్కూలు మాస్టారికి కూడా ఆ గోడమీద ఖాతాలుండేవి. హామీదారు లేడు, తాకట్టు లేదు, ప్రామిసరీ నోటు లేదు. మా మేనేజరు చూస్తే గుండె ఆగేది.

1998 ఆడి నెలలో, మధ్యాహ్నం పన్నెండింటికి, అక్క బ్యాంకుకు వచ్చింది. ఉతికిన చీర, నుదుట విభూతి. నేను అప్పుల విభాగంలో కూర్చునేవాణ్ణి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "సార్, అయిదు వేలు కావాల" అంది. రోజూ మధ్యాహ్నం రెండింటినుంచి రుబ్బురోటి ముందు కూర్చుని చేయి పడిపోతోందట. కోయంబత్తూరు గ్రైండరు ఒకటి కొంటే పిండి అరగంట పని. రోజుకు ఇంకో వంద ఇడ్లీలు వేయొచ్చు. ఆమె లెక్క నోటితోనే చెప్పింది. బి.కాం. చదివినవాణ్ణి, ఆ లెక్కలో తప్పు నాకు కనిపించలేదు.

నేను ఏం చెప్పానో ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాయాలి. స్థిరమైన దుకాణం లేదన్నాను. మునిసిపాలిటీ లైసెన్సు లేదన్నాను. ఆస్తి ఉన్న హామీదారు కావాలన్నాను. ఈ మూడూ నిజమే. నిజం కానిది నేను చెప్పకుండా మింగేసింది. నిరుపేదలకు నూటికి నాలుగు రూపాయల వడ్డీకే, తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు పథకం 1972 నుంచి బ్యాంకుల్లో ఉంది. మేము దాన్ని డి.ఆర్.ఐ. అనేవాళ్ళం. ఆమె అడిగిన మొత్తం అప్పటి పరిమితిలోపే. ఆ సర్క్యులరు ఫైలు నా వెనక బీరువాలో ఉందని నాకు తెలుసు. పరీక్షలో దానిమీద ప్రశ్న వస్తే పూర్తి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కాని అప్పుల విభాగంలో అది నా మొదటి ఏడాది. నేను సంతకం పెట్టిన మొదటి చిన్న అప్పే మొండి బాకీ అయితే నా రికార్డులో ఏం రాస్తారో అన్న భయం. రోడ్డుపక్క బండికి అప్పిచ్చాడని నలుగురూ నవ్వుతారన్న సిగ్గు. ఇంకేమీ లేదు.

"సరే సార్" అని వెళ్ళిపోయింది. ఆ రాత్రి కొట్టుకు వెళ్ళాలా వద్దా అని తటపటాయించి, ఆకలేసి వెళ్ళాను. "రా తమ్ముడూ" అంది. బ్యాంకులో సార్, ఇక్కడ తమ్ముడు. చట్నీ రోజూకన్నా కొంచెం ఎక్కువే వేసింది. గోడమీద నా గీతల పక్కన ఇంకో నాలుగు గీతలు పడ్డాయి. అంటే పగలు నేను అప్పు లేదన్న మనిషి, రాత్రి నాకు అప్పు ఇస్తోంది. అప్పుడు ఈ మాట తట్టలేదు. తట్టి ఉంటే ఇడ్లీ గొంతు దిగేది కాదు.

గ్రైండరు వచ్చింది. తండల్ డబ్బుతో వచ్చింది. తండల్ అంటే మన ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, దూరంగా ఉన్న పాఠకుల కోసం లెక్క చెబుతాను. అయిదు వేలు అప్పు రాసుకుని చేతికి నాలుగు వేల రెండు వందల యాభై ఇస్తారు. ఏడు వందల యాభై ముందే వడ్డీ కింద కోత. ఆ తర్వాత రోజుకు యాభై చొప్పున నూరు రోజులు కట్టాలి. చూడ్డానికి నూటికి పదిహేనే. కాని మొదటి రోజునుంచే అసలు తీరిపోతూ ఉంటుంది గనుక, సగటున ఆమె దగ్గర ఉండే డబ్బు రెండు వేల పైచిలుకే. ఏడాదికి లెక్క వేస్తే వడ్డీ నూటికి నూట పాతిక దాటుతుంది. అదే అయిదు వేలు నా బీరువాలోని ఫైలు కింద తీసుకుని అలాగే నూరు రోజుల్లో తీర్చి ఉంటే వడ్డీ ముప్పై రూపాయలు కూడా కాదు. ఏడు వందల యాభైకీ ముప్పైకీ మధ్య నా సంతకం ఉంది.

వసూలు చేసే కుర్రాడు రాత్రి పదింటికి మోపెడ్ మీద వచ్చేవాడు. చిన్న అట్ట మీద తేదీ కొట్టి యాభై తీసుకుపోయేవాడు. ఆమె ఇడ్లీ తీస్తూనే కొంగు ముడి విప్పి ఇచ్చేది. నేను పక్క బెంచీమీదే. మూడు వందల ఇడ్లీలు అమ్మితే రెండు వందల పాతిక. బియ్యం, మినుములు, కట్టెలు పోగా మిగిలేది అరవయ్యో డెబ్భయ్యో. అందులో యాభై మోపెడ్ ఎక్కి పోతే ఆమె రాత్రి కూలి ఎంతో మీరే చూసుకోండి. అయిప్పసి వానలు వచ్చాయి. బెంచీలు తడిస్తే వ్యాపారం లేదు, కాని నూరు రోజుల్లో వాన రోజులు కలవవని ఎక్కడా రాయలేదు. మొదటి తండల్ తీర్చడానికి రెండోది తీసుకుంది. ఇది నాకు పక్క టీకొట్టాయన తర్వాత చెప్పాడు. ఆమె ఒక్కనాడూ చెప్పలేదు.

1999 మే నెలలో నాకు తేని వైపు బదిలీ అయింది. ఆదివారం సామాను సర్దుకుని సోమవారం తెల్లవారుజామున బయలుదేరాను. తేని చేరాక, మూడో రోజు స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది, ఆ నెల ఖాతా కట్టలేదని. నలభై ఏడు రూపాయలు. వచ్చేవారం పోదాం, పై నెల పోదాం అనుకున్నాను. మనియార్డరు చేయాలన్నా ఆమెకు చిరునామా లేదు. అవును, స్థిరమైన దుకాణం లేదని కాగితం మీద రాసింది నేనే కదా. 2001 పొంగల్ సెలవులకు వచ్చి చూస్తే ఆ చోట అరటిపళ్ళ బండి ఉంది. గోడకు సున్నం వేశారు. అక్క కూతురి దగ్గరికి తిరుప్పూరు పోయిందట. అంతకుమించి ఎవరికీ తెలియదు.

ఇంతకాలం తర్వాత ఈ కథ ఎందుకంటే, పోయినేడాది మా అమ్మాయి దగ్గరికి సింగపూరు వెళ్ళడంవల్ల. పద్దెనిమిది రోజులున్నాం. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న దీవి, పగలు ఉక్క. జనమంతా సాయంత్రమే బయటపడతారు. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలనుంచి రాగానే రోజుకో చోట తిండికి తీసుకుపోయేవారు. ఒక రాత్రి లావ్ పా సాత్ అనే పాత ఇనుప మండపం. 1894 నాటి కట్టడం, చుట్టూ ఆకాశాన్నంటే బ్యాంకు భవనాలు. సాయంత్రం ఏడు దాటాక పక్క వీధిలో వాహనాలు ఆపేసి బల్లలు వేస్తారు. వరసగా బొగ్గుల పొయ్యిలు, పుల్లలకు గుచ్చి కాల్చే మాంసం, పొగ. పగలు కోట్లు కదిలే వీధిలో రాత్రి విసనకర్రతో పొయ్యి విసిరే మనిషి. నాకు చాలా నచ్చింది. మా ఆవిడకు శనివారం కాబట్టి కొబ్బరి నీళ్ళతో సరిపెట్టుకుంది.

ఇంకో రోజు లిటిల్ ఇండియాలోని తెక్కా సెంటరు. కింద ఒకవైపు చేపలు, కూరగాయలు, ఇంకోవైపు తిండి కొట్లు. అక్కడ రోటీ ప్రాటా అంటే మన పరోటాయే, సముద్రం దాటి పేరు మార్చుకుంది. ఒక పెద్దాయన, డెబ్భై దగ్గర ఉంటాయి, పిండి గాలిలో విసిరి సాగదీస్తున్నాడు. తాతల నాడే వచ్చిన తమిళ కుటుంబం. జనం తగ్గాక పలకరిస్తే కూర్చున్నాడు. ఆయన చిన్నతనంలో తండ్రి రోడ్డుపక్క బండి పెట్టేవాడట. పోలీసులొస్తే పెనం ఎత్తుకుని పరుగు. తర్వాత ప్రభుత్వం లెక్క రాసుకుని కొట్టు ఇచ్చిందట. అది చరిత్రలో ఉన్నదే. 1971 నుంచి 1986 దాకా పదిహేనేళ్ళపాటు ఆ దీవిలో వీధి తిండి అమ్మేవాళ్ళనందరినీ వరసగా ఇలాంటి కేంద్రాల్లోకి చేర్చారు. కుళాయి, మురుగు కాలువ, కప్పు, కరెంటు. ఇప్పుడు నూరుకు పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఆ తిండి సంస్కృతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

కుళాయి చూసి మా ఆవిడ, "మీ అక్కకు బిందె ఉండేది కదండీ, ఆ మూల పంపునుంచి మోసుకొచ్చేది" అంది. నేను ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది. నేనే మరిచాను.

నేను పెద్దాయన్ను అడిగాను, సుఖంగా ఉందా అని. నవ్వాడు. తెల్లవారి నాలుగింటికి లేస్తాడట. నిలబడి నిలబడి మోకాళ్ళు పోయాయి. కొడుకు ఆఫీసు ఉద్యోగం చూసుకున్నాడు, ఈ పెనం దగ్గరికి రాడు. "యాభై సెంట్లు ధర పెంచితే, ముప్పై ఏళ్ళుగా తింటున్నవాళ్ళే మొహం చిట్లిస్తారు. అదే మనిషి పైన చల్లటి మాలులో కాఫీకి ఎనిమిది డాలర్లు ఇచ్చి నోరెత్తడు" అన్నాడు. కుళాయి వచ్చింది, కప్పు వచ్చింది, యునెస్కో కాగితం వచ్చింది. తిండి మాత్రం చవకగానే ఉండాలి. ఆ చవక ఎవరి మోకాళ్ళమీద నిలబడిందో ఎవరూ అడగరు.

తిరుగు విమానంలో నాకు నలభై ఏడు రూపాయలు గుర్తొచ్చాయి.

ఊరికి వచ్చాక ఈ సంగతి మా స్నేహితుడి దగ్గర ఎత్తాను. కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పి రిటైరైనవాడు, మాటకు పదును ఎక్కువ. "నలభై ఏడూ బాకీయే, ఒప్పుకుంటాను. మిగతాదంతా నీ మెత్తదనం. వస్తువు కొన్నావు, ధర ఇచ్చావు. ధర ఇచ్చాక ఎవరూ ఎవరికీ ఋణపడరు. ధర గొప్పతనమే అది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది తేలిగ్గా తోసేసేది కాదు. "అన్నం అమ్మకూడదన్న మీ అవ్వ కాలంలో అన్నం ఎవరికి దొరికేది? పెట్టేవాడు పిలిచినవాడికి. పంక్తిలో ఎవరు కూర్చోవాలో, ఎవరు పెరట్లో కూర్చోవాలో పెట్టేవాడి ఇష్టం. మీ అక్క బెంచీమీద మిల్లు ఊడ్చేవాడూ బ్యాంకు ఆఫీసరూ పక్కపక్కన కూర్చున్నారంటే అది దానం చేసిన పని కాదు, ముప్పావలా చేసిన పని."

ఇది నిజం. ఆ బెంచీమీద నా పక్కన ఎవరు కూర్చున్నారో నేనెప్పుడూ అడగలేదు. మా ఇంటి పెళ్ళి పంక్తిలో అయితే అడిగి ఉండేవాళ్ళు. ఆ విషయంలో అవ్వది తప్పని నేను ఒప్పుకుంటాను. అన్నం అమ్మడం పాపం కాదు. పరాయి ఊరిలో, పరాయి షిఫ్టులో, ఆకలేసిన మనిషి తల వంచకుండా తినగలగడం చిన్న సంగతి కాదు.

కాని ధర ఇచ్చాను, ఋణం తీరిందన్నదగ్గర నాకు లెక్క కుదరడం లేదు. ముప్పావలాలో ఏమేం ఉన్నాయి? బియ్యం ఉంది, మినుములున్నాయి, కట్టెలున్నాయి. రుబ్బురోటి ముందు పడిపోయిన చేయి ఉందా? బిందె మోసిన దూరం ఉందా? రాత్రి పన్నెండింటికి అప్పాల ముందు కునుకు తీసిన ఆ మదురై మనిషి నిద్ర ఉందా? ఇవన్నీ ఖర్చులే. ఎవరో ఒకరు భరించారు గనుకనే ఇడ్లీ ముప్పావలాకు వచ్చింది. కంపెనీ లెక్కల్లో తరుగుదలకు కూడా ఒక పద్దు పెడతాం. మిషను అరిగితే రాస్తాం. ఆమె చేయి అరిగితే రాసే పుస్తకం లేదు.

అయితే ధర పెంచుకోమందామా? పెంచితే మొదట దెబ్బ తినేది నేను కాదు, నా పక్కన కూర్చున్న మిల్లు కుర్రాడు. వాడి కూలికి ఆ ఇడ్లీయే సరిపోతుంది. ఆ ఇడ్లీ చవకగా ఉంది గనుకనే ఆ కూలికి వాడు పనికి వస్తున్నాడు. ఇలా చూస్తే అక్క తన నిద్రతో వాడి కూలికి సబ్సిడీ ఇస్తోంది. వాడి ద్వారా ఊరి మగ్గాలకూ కదుళ్ళకూ ఇస్తోంది. ఆ మిల్లులు మా బ్యాంకులో డిపాజిట్లు వేస్తాయి. వాటి వడ్డీలోంచి నాకు జీతం. ఏ ఊరి మిల్లు లెక్కలు తిరగేసినా రాత్రి ఇడ్లీ అన్న పద్దు దొరకదు. నా స్నేహితుడికి ఈ మాట చెబితే, "నువ్వు కామర్సు వదిలేసి కమ్యూనిజంలో చేరావు" అని నవ్వాడు. నేను ఎందులోనూ చేరలేదు. లెక్క ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతున్నాను, అంతే. ముప్పై పైసల కోసం తొమ్మిదింటిదాకా కూర్చున్న అలవాటు.

చట్టాలు రాకపోలేదు. రోడ్డుపక్క వ్యాపారం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1989లో అంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం అధిక వడ్డీ నిషేధ చట్టం తెచ్చింది. అందులో రోజు వడ్డీ, గంట వడ్డీ, కందు వడ్డీ, మీటరు వడ్డీ, తండల్ అని పేరుపేరునా చెప్పారు. ఒక రోగానికి ఇన్ని పేర్లున్నాయంటే ఎంతమందికి సోకిందో చూడండి. 2014లో కేంద్రం వీధి వర్తకుల చట్టం చేసింది. ప్రతి ఊళ్ళో ఒక కమిటీ ఉండాలి, అందులో నూటికి నలభైమంది వీధి వర్తకులే ఉండాలి. ఆ కమిటీలో కూర్చోవలసిన వారిలో బ్యాంకులవాళ్ళను కూడా చేర్చారు. చదివినప్పుడు, ఎవరో నా సంగతి తెలిసి రాసినట్టనిపించింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పాత బస్టాండు రాత్రి తొలిసారిగా నిద్రపోయింది. ఆ జూన్‌లో స్వనిధి పథకం వచ్చింది. వీధి వర్తకుడికి తాకట్టు లేకుండా అప్పట్లో మొదట పదివేలు ఇచ్చేవారు, ఏడాదిలో తీర్చాల్సి ఉండేది. తీరిస్తే తర్వాతి విడతల్లో ఇరవై, యాభై వేలు ఇచ్చేవారు. అప్పటికి నేను మళ్ళీ రాజపాళయానికి వచ్చాను. మాస్కులు కట్టుకుని వరసలో నిలబడ్డారు: పరోటా మాస్టర్లు, పూలమ్మేవాళ్ళు, సుక్కు కాఫీ ఆయన. వచ్చిన ప్రతి కాగితం నేనే చూశాను. ఫోటో సరిగా లేదని, మునిసిపాలిటీ కాగితంలో ఇంటిపేరు అక్షరం తేడా ఉందని వెనక్కి పంపబోయిన గుమాస్తాను ఆపాను. కొందరు ఎగ్గొట్టారు, అబద్ధమెందుకు. తీర్చినవాళ్ళూ ఉన్నారు. నాకు మంచిపేరేమీ రాలేదు, రావాల్సిన పనీ కాదు. ఇరవై రెండేళ్ళ క్రితం బీరువాలో ఉన్న ఫైలు తెరిచానంతే. అదీ పైనుంచి ఆర్డరు వచ్చాక, టార్గెట్టు పెట్టాక. టార్గెట్టు లేకపోతే తెరిచేవాణ్ణా అన్నది నన్ను నేను అడుగుతున్న ప్రశ్న. జవాబు నాకు నచ్చేది కాదు.

ఆ వరసలో ప్రతి ఆడమనిషి మొహమూ చూశాను. అక్క ఉంటే ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి.

ఇప్పుడు నా రాత్రి కొట్టు పరుత్తిపాలది. పంజు మార్కెట్టు దగ్గర ఒకావిడ తోపుడు బండిమీద ఇత్తడి బిందె పెట్టుకుని అమ్ముతుంది. మధుమేహం వచ్చాక బెల్లం వద్దన్నారు డాక్టరు, అయినా వారానికి రెండుసార్లు వెళతాను. గ్లాసు ఇరవై. పోయిన నెలలో ఒక రాత్రి యాభై నోటిచ్చి, చిల్లర తీసుకోకుండా నడిచాను. నాలుగడుగులు వేయకముందే "సార్, సార్" అని పిలిచింది. మరిచిపోలేదమ్మా, ఉంచుకో అన్నాను. ఆమె బండి వదిలి నా దగ్గరికొచ్చి మూడు పది రూపాయల నోట్లు చేతిలో పెట్టింది. "ఇరవై అంటే ఇరవయ్యే సార్. ఎక్కువ ఇస్తే రేపు మీరు తక్కువ ఇచ్చినా నేను నోరు తెరవలేను" అంది. నేను చిన్నపిల్లాడిలా నిలబడిపోయాను.

వెనక్కి తిరిగి వెళ్ళబోతూ ఆగి, "అది కాదు సార్, నా రెండో లోను కాయితం మీ బ్యాంకులోనే ఉంది. ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది.

వారం అన్నాను. ఇది రాస్తున్న ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. కాగితం నా బల్లమీదే ఉంది. ఆధార్ కార్డులో పేరుకీ బ్యాంకు ఖాతాలో పేరుకీ ఒక్క పొల్లు తేడా. రేపు పొద్దున మొదట అదే చూడాలి.